కోహీర్ రోడ్లకు డాంబరు పూత: చలి విరిగాకే పని

కోహీర్: వానలు వెనకబట్టి కంది చేలు కోతకు వచ్చే నాటికి ఊళ్ళ రోడ్ల మీది గుంటల లెక్క తేలుతుంది. జామకాయల గంపలు జహీరాబాద్ చేరేసరికి సగం కాయ కమిలిపోతోందంటే అందులో రోడ్డు పాలు కూడా ఉంటుంది. అప్పటి నుంచి మృగశిర కార్తె లోపలే డాంబరు పనులు సాగాలి. ఆ గడువు దాటితే మళ్ళీ ఏడాది ఆగవలసిందే.

ఈ ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. రాష్ట్రంలో చలి ఎక్కువగా నమోదయ్యే చోట్లలో కోహీర్ ఒకటి. చలికాలపు తెల్లవారుజామున ఇక్కడ ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పడిపోతుంటుంది. గాలిలో 10 డిగ్రీల కన్నా తక్కువ వేడి ఉన్నప్పుడు, రోడ్డు తడిగా ఉన్నప్పుడు డాంబరు వేయరాదని నిబంధన. వేస్తే అది కంకరను పట్టుకోకముందే గడ్డకడుతుంది. పుష్య మాసంలో కూలీలు పొద్దెక్కేదాకా చలి కాచుకుంటూ కూర్చుంటే అది ప్రతిసారీ బద్ధకం కాదు.

గ్రామస్థులు మొదట తెలుసుకోవలసింది, పైపూత వేరు, కొత్త రోడ్డు వేరు. ఎండకు ఏళ్ళ తరబడి ఎండిన డాంబరు పెళుసుబారి సన్నని బీటలు తీస్తుంది. వాననీరు ఆ బీటల గుండా అడుగుకు దిగుతుంది. అడుగున ఎర్ర మొరం ఉన్నచోట కొంత ఓర్చుకుంటుంది కాని, నల్లరేగడి ఉన్నచోట నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి రోడ్డును విరిచేస్తుంది. పూత వేసేది ఆ నీటిని ఆపడానికే. కుంగిన రోడ్డును అది నిలబెట్టలేదు. గుంటలు పూడ్చకుండా పైన నల్లగా పూస్తే పగిలిన గోడకు సున్నం కొట్టినట్టే అవుతుంది.

పని వరస ఇలా ఉంటుంది. ముందు గుంటలు పూడ్చి, రోడ్డంతా దుమ్ము లేకుండా ఊడుస్తారు. పలచగా డాంబరు చల్లుతారు. ఊరి రోడ్ల మీద మామూలుగా 20 మిల్లీమీటర్ల మందాన చిన్న కంకర, డాంబరు కలిపిన మిశ్రమం పరిచి, రోలరు తిప్పి, పైన సీల్ కోటు వేస్తారు. వీటిలో ఊడవడమే చిన్నపనిగా కనిపిస్తుంది, ఎగ్గొట్టేదీ ఎక్కువగా దాన్నే. దుమ్ము మీద పడిన డాంబరు మొదటి వానకే పెచ్చులుగా లేస్తుంది. ఊరివాళ్ళు నిలబడి చూడవలసిన ఘట్టం అదే.

పని జరిగే రోజుల్లో రోడ్డు ఒక పక్కే తెరిచి ఉంటుంది. బస్సులు ఆలస్యం కావచ్చు. డాంబరు చల్లి పైన చిప్స్ పరిచే పద్ధతిలో అయితే మరునాటి దాకా బండ్లను వదలకపోవడం మేలు, ఆ తరువాత కూడా గంటకు 20 కిలోమీటర్ల వేగం మించరాదు. మోటారు సైకిళ్ళు జారేదీ, ముందు లారీ చక్రం కింది నుంచి రాయి ఎగిరి కంటికి తగిలేదీ అప్పుడే.

కాగిన డాంబరు వేడి 150 డిగ్రీల పైమాటే. పిల్లలను ఆ పీపాల దగ్గరికి పోనీయరాదు. ఒంటిమీద పడితే 20 నిమిషాల పాటు చల్లని నీళ్ళు పోసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. అంటుకున్న డాంబరును పీకరాదు, కిరోసిన్ రాయరాదు. చల్లారిన డాంబరు పశువుల గిట్టలకు అంటితే మంచినూనె రుద్దితే వదులుతుంది.

రైతులు చేయవలసిన పనులూ కొన్ని ఉన్నాయి. బోరు పైపు రోడ్డు దాటించాలంటే పూతకు ముందే అనుమతి తీసుకుని దాటించాలి. కొత్త రోడ్డును మళ్ళీ తవ్వితే ఆ గాడిలోంచే నీరు దిగుతుంది. పక్క కాలువలను పూడ్చి చేనులో కలుపుకున్నచోట నీరు రోడ్డు మీదే నిలుస్తుంది. ఈ సంగతి చెబితే కొందరికి కోపం వస్తుంది కాని, నిజం అదే. రోడ్ల మీద కందులు, జొన్నలు ఆరబోయడం ప్రమాదమని తెలిసినా కల్లాలు లేక చేస్తున్నారు. కొత్త పూత మీద మాత్రం గింజకు డాంబరు అంటుతుంది. రోహిణి ఎండలకు డాంబరు పైకి ఉబికితే ఇసుకో, రాతిపొడో చల్లించమని అడగాలి.

ఎవరిని అడగాలన్నది రోడ్డును బట్టి ఉంటుంది. కొన్ని ఆర్ అండ్ బి శాఖవి, కొన్ని పంచాయతీరాజ్ శాఖవి. జహీరాబాద్ మీదుగా పోయే 65వ నెంబరు జాతీయ రహదారి సంగతి వేరు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డును పూర్తయిన నాటి నుంచి 5 ఏళ్ళు కాంట్రాక్టరే బాగుచేయాలి. ఖర్చు, గడువు రాసిన బోర్డు చూసుకోవచ్చు. బోర్డు లేకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అంచనా పత్రం నకలు కోరవచ్చు.

తొలకరి పడిన రోజున రోడ్డు మీద నీరు ఎక్కడ నిలిచిందో గుర్తుపెట్టి, పంచాయతీ తీర్మానంతో ఇంజనీరుకు రాసి ఇస్తే, కాంట్రాక్టరు గడువు మిగిలి ఉండగానే ఆ చోటు సరిచేయించుకునే వీలుంటుంది.