ఓటు యంత్రం: చేయలేని పనులే దాని బలం

హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టల నుంచి రాయదుర్గం, మాదాపూర్ దాకా చిప్‌లు, బోర్డులు, వాటిని నడిపే ప్రోగ్రాములు రూపొందించే ఆఫీసులు ఎన్నో ఉన్నాయి. అక్కడ కొత్త పరికరం పని మొదలైనప్పుడల్లా ముందు తేల్చుకోవాల్సింది పంపకం గురించి. ఏ పని సర్క్యూట్‌కి అప్పగించాలి, ఏది ప్రోగ్రాముకి వదలాలి? సర్క్యూట్‌లో పెట్టిన పని గట్టిగా, వేగంగా జరుగుతుంది కానీ తర్వాత మార్చడం కష్టం. ప్రోగ్రాముకి వదిలినదాన్ని ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. అలా దిద్దగలగడమే కొన్ని యంత్రాలకు ముప్పు. అందుకే ఈ రెండింటినీ మొదటి రోజు నుంచీ కలిపి ఆలోచిస్తారు. దీన్నే కో-డిజైన్ అంటారు.

ఆ పంపకం ఎంత ముఖ్యమో చూపించే యంత్రం ఒకటి మన నగరంలోనే పుట్టింది. హైటెక్ సిటీ ఇంకా ఆలోచనలో కూడా లేని రోజుల్లో, ఊరికి ఆ చివరన కుషాయిగూడ వైపు, ఈసీఐఎల్‌లో.

ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) 1967లో అణుశక్తి విభాగం కింద మొదలైంది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లువారు. ఏ.ఎస్.రావు నగర్‌కు ఆ పేరు ఆయనదే. 1969లోనే టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసిన సంస్థ అది. ఎలక్ట్రానిక్ పరికరంతో ఓటింగ్ జరపాలన్న ఆలోచన 1977లో ఎన్నికల సంఘానికి వచ్చింది. అప్పటి ప్రధాన కమిషనర్ ఎస్.ఎల్.శక్ధర్. నమూనా తయారుచేసే బాధ్యత ఈసీఐఎల్‌కు దక్కింది. 1979లో నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టు 6న రాజకీయ పార్టీల ముందు దాన్ని నడిపి చూపారు. తర్వాత బెంగళూరులోని బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కూడా తయారీలో చేరింది. ఇప్పుడు మనం చూసే రూపం వెనుక ఐఐటీ బొంబాయి ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ అధ్యాపకులు ఏ.జి.రావు, రవి పూవయ్యల చేయి ఉంది.

ఈ యంత్రంలో పని రెండు పెట్టెలుగా విడిపోయింది. ఓటరు ముందుండేది బ్యాలెట్ యూనిట్, పోలింగ్ అధికారి దగ్గరుండేది కంట్రోల్ యూనిట్. రెంటినీ కలిపేది అయిదు మీటర్ల కేబుల్. అధికారి ‘బ్యాలెట్’ బటన్ నొక్కితేనే అవతలి పెట్టె ఒక్క ఓటుకు సిద్ధమవుతుంది. ఓటరు నీలం బటన్ నొక్కగానే పక్కన ఎర్రదీపం వెలుగుతుంది, బీప్ వినిపిస్తుంది, యూనిట్ మళ్లీ లాక్ అవుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఫలితం ఉండదు. యంత్రం బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి కరెంటు లేని తండాలో కూడా పోలింగ్ ఆగదు. ఇంటర్నెట్‌తో గానీ, వైర్‌లెస్‌తో గానీ దానికి సంబంధం లేదు. ప్రోగ్రామును చిప్‌లో ఒక్కసారే రాస్తారు, తర్వాత తిరగరాయడం కుదరదు.

అభ్యర్థి ఎవరో కూడా కంట్రోల్ యూనిట్‌కి తెలియదు. పేరూ గుర్తూ బ్యాలెట్ యూనిట్ మీద అంటించిన కాగితంపైనే ఉంటాయి. రోల్ నంబర్లతోనే హాజరు వేసుకునే పంతులులా, ఏ బటన్‌కి ఎన్ని ఓట్లు అన్నది ఒక్కటే అది లెక్కపెడుతుంది. నామినేషన్లు పూర్తయ్యేదాకా ఏ నంబరు ఎవరికి వస్తుందో తయారుచేసినవాళ్లకూ తెలియదు. తెలియనివాడు ఎవరి వైపూ మొగ్గలేడు.

బూత్ ఆక్రమణకు జవాబు ప్రోగ్రాములో పెట్టారు. నిమిషానికి అయిదు ఓట్లకు మించి నమోదు కాకుండా పరిమితి విధించారు. కాగితం రోజుల్లో దౌర్జన్యంగా చొరబడ్డవాళ్లు కట్టలకు కట్టలు ముద్రలు గుద్ది పెట్టెలో కుక్కేవారు. యంత్రంతో వెయ్యి దొంగ ఓట్లు వేయాలంటే మూడు గంటలు దాటుతుంది. ఈలోపు అధికారి ‘క్లోజ్’ బటన్ నొక్కితే ఇక ఒక్క ఓటు కూడా పడదు.

ఇంత ఆలోచించినా చట్టం అనే పునాది వేయడం మిగిలిపోయింది. 1982 మే 19న కేరళలోని పరూర్ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో యంత్రాలు మొదటిసారి పనిచేశాయి. శివన్ పిళ్లై 123 ఓట్లతో గెలిచారు. ఓడిన ఎ.సి.జోస్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. చట్టంలో యంత్రం ప్రస్తావనే లేదంటూ 1984లో కోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది. ఆ 50 కేంద్రాల్లో కాగితంతో రీపోలింగ్ జరిపితే జోస్ గెలిచారు. 1988 డిసెంబరులో చట్టం సవరించారు. 1998లో మూడు రాష్ట్రాల్లోని 16 అసెంబ్లీ స్థానాల్లో యంత్రాలు మళ్లీ వచ్చాయి. 2004లో 543 లోక్‌సభ స్థానాలకూ విస్తరించాయి.

డిజైన్ ఎంతవరకు సాగుతుందో తేల్చింది మన రైతులే. 1996లో నల్గొండ లోక్‌సభకు 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ బాధను దేశానికి వినిపించడానికి చాలామంది నామినేషన్ వేశారు. కాగితపు బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు అదే దారి పట్టారు. అభ్యర్థులు 185 మంది. ఒక్క బ్యాలెట్ యూనిట్‌పై 16 బటన్లు. పాత ఎం-2 యంత్రానికి నాలుగు యూనిట్లే తగిలించగలం, అంటే 64 మందే. 24 యూనిట్ల దాకా మోసే ఎం-3 అప్పటికే ఉండబట్టి, ప్రతి కేంద్రంలో 12 యూనిట్లు వరసగా పెట్టి ఏప్రిల్ 11న పోలింగ్ జరిపారు.

నమ్మకం మీద పెద్ద ప్రశ్న కూడా హైదరాబాద్ నుంచే లేచింది. 2010లో ఇక్కడి ఇంజనీరు వేమూరు హరిప్రసాద్, కంప్యూటర్ భద్రతా నిపుణులు అలెక్స్ హాల్డర్‌మన్, రాప్ గాంగ్రైప్‌లతో కలిసి ఒక అసలు యంత్రాన్ని పరీక్షించారు. డిస్‌ప్లే బోర్డును మార్చేసినా, మెమరీ చిప్‌లకు చిన్న పరికరం తగిలించినా ఫలితం మార్చవచ్చని చూపారు. సీళ్లు, కాపలా దాటి అలా జరగదన్నది ఎన్నికల సంఘం వాదన. తర్వాతి ఎం-3 తరం యంత్రాన్ని విప్పబోతే పనిచేయడం మానేస్తుంది. యూనిట్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టాకే మాట్లాడుకుంటాయి.

కాగితం వీవీప్యాట్ అనే ప్రింటరు రూపంలో తిరిగొచ్చింది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్‌లో మొదలైంది. ఓటు పడగానే చీటీ ఏడు సెకన్లు కనిపించి డబ్బాలో పడుతుంది. 2018 మేలో కైరానా ఉప ఎన్నికలో ఈ ప్రింటర్లు చాలాచోట్ల మొరాయించాయి. సెన్సర్లపై వెలుతురు ఎక్కువ పడడం, కాగితం తేమను పీల్చుకోవడం కారణాలని తేలింది. గదిలోని వెలుతురు, గాలిలోని తేమ కూడా డిజైన్‌లో భాగమేనని అలా తెలిసొచ్చింది.

వీవీప్యాట్ మరో మార్పు కూడా తెచ్చింది. చీటీ మీద పేరూ గుర్తూ పడాలంటే ప్రింటరుకి అవి తెలియాలి. పోలింగ్‌కు ముందు వాటిని లోడ్ చేయాలి. కంట్రోల్ యూనిట్‌కున్న ఆ తెలియనితనం ప్రింటరుకి లేదు. అందుకే తనిఖీ బరువు పెరిగింది. 2019 ఏప్రిల్‌లో చంద్రబాబునాయుడు తదితరుల పిటిషన్‌పై సుప్రీంకోర్టు ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో అయిదు కేంద్రాల చీటీలు లెక్కించమంది. 2024 ఏప్రిల్ 26న మొత్తం చీటీల లెక్కింపును తోసిపుచ్చినా, గుర్తులు లోడ్ చేసే యూనిట్లను సీలు వేసి 45 రోజులు భద్రపరచమంది.

నలభై ఏళ్లు దాటిన ఈ కథలో సర్క్యూట్‌కి, ప్రోగ్రాముకి తోడు మూడో భాగస్వామిగా మనుషులు మొదటి నుంచీ ఉన్నారు. మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేసి చూసే ఏజెంట్లు, సీలు మీద సంతకం చేసేవాళ్లు, చట్టం రాసినవాళ్లు, కోర్టుకెక్కినవాళ్లు. ఓడినవాడు కూడా ఒప్పుకునే ఫలితం ఇవ్వడమే ఓటు యంత్రం పని. అందుకు యంత్రం సరిగా లెక్కిస్తే చాలదు, సరిగా లెక్కించిందని మామూలు మనిషికి తెలియాలి. ప్రోగ్రామును స్వతంత్ర నిపుణుల పరిశీలనకు తెరవడం, చీటీల తనిఖీని ఇంకా పెంచడం ఆ దిశలో న్యాయమైన అడుగులని నా నమ్మకం. రేపు వైద్య పరికరమో, రైలు సిగ్నలో రూపొందించే ఇంజనీరు పనులు పంచేటప్పుడు, ఏ పని మనిషి కళ్ల ముందు జరగాలో కూడా మొదటి రోజే రాసుకోవాలి.