పదిహేనేళ్ళ పిల్ల, తొంభై నిమిషాల ఆట

టీవీలో ఫుట్‌బాల్ పెడితే మన ఇళ్ళల్లో ఆడవాళ్ళం మెల్లిగా లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాం. క్రికెట్ అయితే కనీసం స్కోరెంత అని అడుగుతాం. "ఒక్క బంతి కోసం ఇరవై ఇద్దరు కొట్టుకోవడం ఎందుకు, తలా ఒకటి కొనిస్తే పోలా!" అని మా అత్తయ్యగారు ఇప్పటికీ అంటూంటారు. ఆవిడ మాటకి మేమంతా నవ్వుకుంటాం గానీ, 2025 అక్టోబరు 17న మన దేశపు ఆడపిల్లలు కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో చేసిన పని తెలిస్తే ఆవిడ కూడా ఆగి వింటారు. పదిహేడేళ్ళ లోపు అమ్మాయిల జట్టు ఆ రోజు ఉజ్బెకిస్తాన్‌ని 2-1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత సంపాదించింది. పోటీ పడి, గెలిచి ఆ మెట్టెక్కడం మన అమ్మాయిలకి అదే మొదటిసారి.

ఇది మగవాళ్ళు చదివే ఆటల పేజీ విషయం కదా, మనకెందుకు అనుకోకండి. ఇందులో ఆట కొంచెమే, ఆడపిల్లని పెంచే సంగతే ఎక్కువ.

అసలేమిటీ పోటీ?

ఆడపిల్లలకి పదిహేడేళ్ళ లోపు ప్రపంచకప్ ఒకటుంది. మొదటిసారి 2008లో న్యూజిలాండ్‌లో జరిగింది. దానికి ఆసియా నుంచి ఎవరు వెళ్ళాలో తేల్చేది పదిహేడేళ్ళ లోపు ఆసియా కప్. మనం పిండి జల్లించినట్టే, ఇక్కడ కూడా రెండు జల్లెళ్ళున్నాయి. మొదటి జల్లెడ అర్హత పోటీలు. జట్లన్నిటినీ ఎనిమిది గ్రూపులు చేస్తే, ఒక్కో గ్రూపులో మొదటి స్థానం వచ్చినవాళ్ళే పైకి. రెండో స్థానం వస్తే ఇంటికే! అలా గెలిచిన ఎనిమిది జట్లు, ఆతిథ్య దేశం చైనా, 2024లో మొదటి మూడు స్థానాల్లో నిలిచిన ఉత్తర కొరియా, జపాన్, దక్షిణ కొరియా కలిపి 2026 ఆసియా కప్‌కి పన్నెండు జట్లు. రెండో జల్లెడ ఈ ఆసియా కప్పే. అందులో సెమీఫైనల్ చేరిన నాలుగు జట్లకే మొరాకోలో ప్రపంచకప్ ఆడే అవకాశం.

నలుగురిలో ఒకరు కావడం ఏమంత కష్టం అనిపించవచ్చు. 2025 వరకు తొమ్మిది ప్రపంచకప్‌లు జరిగితే, ఆరింటిని ఆసియా జట్లే గెలిచాయి. ఉత్తర కొరియా నాలుగుసార్లు, దక్షిణ కొరియా, జపాన్ ఒక్కోసారి. అంటే మన వీధిలోనే ప్రపంచ ఛాంపియన్లు కాపురం ఉంటున్నారన్నమాట! వాళ్ళని దాటుకుని వెళ్ళాలి మన పిల్లలు.

వయసు లెక్క దగ్గర మాత్రం దయాదాక్షిణ్యాలు ఉండవు. 2026 పోటీకి 2009 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళే అర్హులు. అంతకు ఒక్కరోజు ముందు పుట్టినా ఆడనివ్వరు. మనవైపు బళ్ళో వేసేటప్పుడు వయసు చాలలేదని మాస్టారు తనకి తోచిన జూన్ తేదీ ఒకటి వేసెయ్యడం మామూలే కదా! మున్సిపాలిటీ కాగితంలో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉంటే రేపు పిల్ల ఎంత బాగా ఆడినా కాగితాల దగ్గర ఆగిపోతుంది. ఈ పని తల్లిదండ్రులు ముందే చూసుకోవాలి.

ఆ రోజు కన్నీళ్ళు, ఈ రోజు గెలుపు

2022లో ఇదే ప్రపంచకప్ మన దేశంలోనే జరిగింది. ఆతిథ్య దేశం కాబట్టి మన జట్టు అర్హత పోటీలు ఆడకుండానే బరిలోకి దిగింది. భువనేశ్వర్‌లో మూడు ఆటలు. అమెరికా చేతిలో 0-8, మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5. పదహారు గోల్స్ ఇచ్చారు, ఒక్కటి కూడా వేయలేకపోయారు. "ఎందుకొచ్చిన ఆట" అని తేలిగ్గా అనేసినవాళ్ళు చాలామంది.

ఆ జట్టు కెప్టెన్ అష్టం ఉరావ్‌ది జార్ఖండ్‌లో గుమ్లా జిల్లా. ఆ అమ్మాయి పేరు మీద ఆమె ఊరికి రోడ్డు వేస్తూంటే, కన్న తల్లిదండ్రులే ఆ పనిలో రోజు కూలీకి వెళ్ళారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. కూతురి పేరుతో వేసే రోడ్డుకి తల్లి మట్టి మోసిందంటే, ఆ ఇంటి పరిస్థితి వేరే చెప్పాలా? ఎనిమిది గోల్స్ తేడాతో ఓడారు అనడం సులువే. అవతలి జట్టు పిల్లలకి చిన్నప్పటి నుంచి దొరికిన తిండి, మైదానం, శిక్షణ, వీళ్ళకి దొరికినవీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడ మొదలైందో తెలుస్తుంది.

మూడేళ్ళు తిరిగేసరికి బిష్కెక్‌లో కథ మారింది. మొదట కిర్గిజ్ జట్టుని వాళ్ళ సొంత గడ్డ మీద 2-1తో గెలిచారు. ఉజ్బెకిస్తాన్ మీద ముందుగా గోల్ ఇచ్చి వెనకబడ్డారు. రెండో సగంలో, బెంచి మీద నుంచి వచ్చిన తాండమణి బాస్కే ఒక గోల్, అనుష్క కుమారి ఒక గోల్ వేసి ఆట తిప్పేశారు. వెనకబడ్డాక బెంబేలు పడకుండా తిరిగి లేవడం ఉందే, అది ఒక్కరోజులో వచ్చే విద్య కాదు. 2005లో కూడా మన జట్టు ఈ ఆసియా పోటీలో ఆడింది గానీ, అప్పుడు అర్హత పోటీలు లేవు. ఈసారి చోటు చెమటోడ్చి సంపాదించుకున్నదే.

తండా నుంచి జాగ్రెబ్ దాకా

మన తెలుగుపిల్లలకి ఇదంతా సాధ్యమా అంటారా? నిజామాబాద్ జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య సంగతి చూడండి. భారత యువ జట్లలో ఆడుతూ సీనియర్ జట్టు దాకా ఎదిగింది. 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్‌లో చేరింది. 2024-25కి గాను అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెని ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్‌డీటీ నెలకొల్పిన క్రీడాగ్రామంలో పల్లెటూరి ఆడపిల్లలు కూడా ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకం తెచ్చిన జట్టుకి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదు మాస్టారే. ఈ నేలకి ఆట కొత్త కాదు. ఆడపిల్లలకి మైదానమే కొత్త.

పదమూడు నుంచి పదహారు

ఈ పోటీలో ఆడాలంటే పిల్ల పదహారేళ్ళకే తయారుగా ఉండాలి. అంటే పన్నెండు, పదమూడేళ్ళ నుంచీ రోజూ సాధన కావాలి. చిత్రం ఏమిటంటే, సరిగ్గా అదే వయసులో మనం ఆడపిల్లని ఆట మాన్పిస్తాం. పెద్దమనిషి అయిందంటారు. నల్లబడిపోతుందంటారు. నిక్కరేమిటి అంటారు. ఆ పైన టెన్త్ వచ్చేస్తుంది. మేము చదువుకునే రోజుల్లో మా బళ్ళో ఆడపిల్లలకి టెన్నికాయిట్, ఖోఖో తప్ప ఇంకేం లేవు. అవి కూడా తొమ్మిదో తరగతితో సరి.

మా మరిది కూతురు ఇప్పుడు తొమ్మిదో తరగతి. బడి జట్టులో వెనక వరసలో ఆడుతుంది. జిల్లా జట్టు ఎంపికకి రమ్మని పీఈటీ మేడమ్ చీటీ పంపితే ఇంట్లో పెద్ద పంచాయితీయే జరిగింది. "మోకాలు విరిగితే రేపు పెళ్ళెలా?" అన్నారు మా మామగారు. "మార్కులు తగ్గితే?" అన్నాడు మా మరిది. తోటికోడలు ఏమీ అనలేదు గానీ, మర్నాడు పొద్దున్నే అయిదింటికి లేచి పిల్లకి రాగిజావ కాచి ఇచ్చింది. అదే ఆవిడ సమాధానం! ప్రస్తుతానికి ఒప్పందం ఏమిటంటే, పొద్దున గంటన్నర ఆట, సాయంత్రం చదువు, క్వార్టర్లీ మార్కులు చూశాక మళ్ళీ మాట్లాడుకోవడం. రేపు ఏమవుతుందో గానీ, ఆ ఇంట్లో ఆ పిల్ల మాట వినే రోజు మాత్రం వచ్చింది.

మామగారి భయం మరీ కొట్టిపారెయ్యాల్సింది కాదు. ఈ ఆటలో మోకాలి లిగమెంటు దెబ్బలు మగపిల్లల కంటే ఆడపిల్లలకే ఎక్కువ. అందుకే ఫిఫా వాళ్ళు 11 ప్లస్ అనే ఇరవై నిమిషాల వ్యాయామం తయారుచేశారు. ఆటకి ముందు క్రమం తప్పకుండా చేస్తే దెబ్బలు బాగా తగ్గుతాయి. మీ పిల్ల చేత అది చేయిస్తున్నారా అని కోచ్‌ని అడగండి. అడిగే హక్కు మనకుంది.

చిమ్మిలి ఎవరికోసం?

అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత. ఇక తొంభై నిమిషాల ఆటకి సత్తువ ఎక్కడి నుంచి వస్తుంది? పిల్ల పెద్దమనిషి అయితే నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి పెట్టడం మన పెద్దవాళ్ళకి తెలుసు. ఆ వయసులో బలం కావాలని వాళ్ళు గ్రహించారు. మనమేమో నాలుగు రోజులు చిమ్మిలి పెట్టి, అయిదో రోజు నుంచి ఆఖరి పంక్తిలో మిగిలిన కూర పెడుతున్నాం!

ఆడే పిల్లకి ప్రత్యేకంగా ఖరీదైన పొడులేమీ అక్కర్లేదు. పొద్దున్నే రాగిజావ, ఆట అయ్యాక ఒక గుడ్డు లేదా గుప్పెడు ఉడికించిన శనగలు, సాయంత్రం వేరుశెనగ ఉండ, అన్నంలోకి తోటకూర పప్పు చాలు. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మకాయ పిండాలి, లేదా ఉసిరికాయ పచ్చడి నంజుకోవాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగ్గా పట్టదు. నెలసరి ఎక్కువగా అవుతూ పిల్ల నీరసంగా ఉంటే ఆట మాన్పించకండి, డాక్టరుకి చూపించి రక్తపరీక్ష చేయించండి.

ఎక్కడ మొదలెట్టాలి?

ముందు బడి జట్టు. అక్కడి నుంచి స్కూల్ గేమ్స్ పోటీలు. 1960లో మొదలైన సుబ్రతో కప్‌లో 2012 నుంచి ఆడపిల్లలకి కూడా పోటీలు పెడుతున్నారు. ఇంకోవైపు జిల్లా ఫుట్‌బాల్ సంఘం, దాని పైన రాష్ట్ర జట్టు, జూనియర్ జాతీయ పోటీలు. అక్కడ కళ్ళల్లో పడ్డ పిల్లలే జాతీయ శిబిరానికి వెళ్తారు. కొనాల్సినవి కాలికి సరిపడే స్టడ్స్ బూట్లు, పిక్కలకి షిన్ గార్డులు, సరైన స్పోర్ట్స్ లోదుస్తులు. తర్వాత పనికొస్తాయని ఒక సైజు పెద్ద బూట్లు మాత్రం కొనకండి, పాదం జారి మడమ బెణుకుతుంది. సాధన చీకటిపడే వేళ అయితే ఇంట్లో ఒకరు తోడు వెళ్ళండి. వేరే ఊరు పంపేటప్పుడు జట్టుతో మహిళా మేనేజర్ ఉన్నారా, బస ఎక్కడ అని మొహమాటం లేకుండా కనుక్కోండి.

ఆడిన ప్రతి పిల్లా ప్రపంచకప్‌కి వెళ్ళదు. వెళ్ళేది ఇరవై మందో, ఇరవై ముగ్గురో. మిగతావాళ్ళకి ఏం మిగులుతుందంటారా? గట్టి కాళ్ళు, ఎర్రటి రక్తం, ఓడిపోయిన మర్నాడు మళ్ళీ మైదానానికి వెళ్ళే గుండె. మన పిల్లలకి మనం పెట్టే సారెలో అంతకంటే పనికొచ్చే వస్తువు ఇంకేముంది, చెప్పండి!