ఇసుక తాగేసిన బ్రేక్ ఆయిల్

కళింగపట్నంలో కారు ఇంటి ముందు ఇసుక మీద ఆగడం కొత్తేం కాదు. అందుకే "కింద మరకే నేదు, ఇంక లీకెక్కడిది?" అన్న మాట ఇక్కడ సులువుగా చెల్లిపోతుంది. చుక్క పడిన వెంటనే ఇసుక తాగేస్తుంది. రాత్రి బండి కింద ఒక పాత అట్ట పరిస్తే పొద్దున్నకి ఎంతోకొంత తెలుస్తుంది. ఏసీ నీళ్లయితే ఆరిపోతాయి, బ్రేక్ ఆయిల్ అయితే జిడ్డు మరకై మిగులుతుంది.

అట్ట పొడిగా ఉన్నా పూర్తి భరోసా లేదు. మన చిన్న కార్లలో ఎక్కువవాటికి ముందు డిస్కు, వెనక డ్రమ్ము. డ్రమ్ములో ఉండే వీల్ సిలిండర్ రబ్బరు పాడైతే ఆయిల్ మొదట ఆ డ్రమ్ములోనే లైనర్లను తడుపుతుంది. టైరు లోపలి వైపు జిడ్డు కనిపించే సరికి లీకు ముదిరినట్టే. పెడల్ నొక్కినప్పుడు ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోతే ఆయిల్, పెడల్‌కి బలమిచ్చే బూస్టర్‌లోకి దిగుతుంది. లోపలి సీలు పోతే చుక్క కూడా బయటికి రాదు, ఆయిల్ డబ్బాలో లెవెలూ తగ్గదు. బండి ఆపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పెడల్ అర నిమిషం అదిమి పట్టండి. అది మెల్లగా కిందికి జారుతూ ఉంటే ఎక్కడో ఒత్తిడి తప్పించుకుపోతోంది. ఈ పరీక్షకి మెకానిక్ అక్కర్లేదు.

ఉప్పుగాలి ఇంట్లో గ్రిల్లుల్ని తినేసినట్టే బండి కింది స్టీలు బ్రేక్ పైపుల్నీ తింటుంది. పైపు పట్టీ కింద తడి ఇసుక ఇరుక్కున్న చోట తుప్పు ముందు మొదలవుతుంది. బీచ్‌లో అలల అంచుదాకా కారు తోలి ఫొటోలు దిగే సరదా ఉన్నవాళ్లు కనీసం ఇంటికొచ్చాక అడుగుభాగం మంచినీళ్లతో కడిగిస్తే నయం.

"లెవెల్ తగ్గింది, కాస్త పోసేస్తే సరి." ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకమని నా అభిప్రాయం. ప్యాడ్లు అరిగేకొద్దీ లెవెల్ నెలల మీద కొద్దికొద్దిగా దిగడం సహజం. అప్పుడు నిండా పోస్తే, కొత్త ప్యాడ్లు వేసిన రోజున డబ్బా పొంగి పెయింటు పాడుచేస్తుంది. వారాల్లోనే మినిమమ్ గీత కిందికి వస్తే మాత్రం లీకని అనుమానించాల్సిందే. పోస్తూ పోతే వార్నింగ్ లైటు ఆరుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ పోస్తే ఇంకా అన్యాయం: బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ రకానిది, దానికి తగ్గ రబ్బరు సీళ్లు ఇంజిన్ ఆయిల్ తగిలితే ఉబ్బి మొత్తం వ్యవస్థ చెడుతుంది.

ఇక "నా బండి తిరిగేదే తక్కువ, ఆయిల్ మార్చడం ఎందుకు?" అనేవాళ్లు. బ్రేక్ ఆయిల్ తిరుగుడు లెక్కన కాదు, కాలం లెక్కన పాతబడుతుంది, ఎందుకంటే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలే. డాట్ 3కి 205, 140. చాలా కంపెనీలు సుమారు రెండేళ్లకోసారి మార్చమనేది ఇందుకే. సీటు కింద ఏడాదిగా ఉన్న సగం సీసా కూడా పనికిరాదు.

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్లొచ్చేవాళ్లకి ఈ అంకెలు దిగేటప్పుడు పనికొస్తాయి. 2021 ఫిబ్రవరి 12న ఆ ఘాట్‌లో, డముకు దగ్గర, హైదరాబాద్ యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. అప్పుడూ ముందు వినిపించింది బ్రేకులు ఫెయిలన్న మాటే. పెద్ద బస్సులు, లారీలు గాలి బ్రేకులతో నడుస్తాయి, కారు సంగతి వేరు. కారులో పైపు చిట్లకుండానే, చుక్క కారకుండానే బ్రేకు పోవచ్చు. కొండ పొడవునా పెడల్ మీదే కాలుంచితే పాత ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నలుగుతుందే గాని ఒత్తిడిని చక్రానికి చేర్చదు. బండి చల్లారాక పెడల్ మామూలుగానే ఉంటుంది, షెడ్డువాడికి తప్పేమీ దొరకదు. ఎక్కిన గేర్లోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పేది చాదస్తం కాదు. పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి దిగితే బూస్టర్‌కి వాక్యూమ్ అందదు, రెండు మూడు నొక్కుల తర్వాత పెడల్ రాయిలా బిగుస్తుంది.

లీకైతే నాలుగు చక్రాలకీ ఒకేసారి బ్రేకు పోతుందనుకోవడమూ సరికాదు. ఇప్పటి కార్లలో రెండు విడి లైన్లుంటాయి. ఒకటి పోయినా రెండోది పట్టుకుంటుంది, కాకపోతే పెడల్ బాగా లోతుకెళ్తుంది, బండి ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. "పోయింది" అని కాలు తీసేయకుండా అడుగంటా, గట్టిగా, మళ్లీ మళ్లీ నొక్కాలి, గేర్లు దించాలి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ, చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా తొక్కినప్పుడు పెడల్ కాలికింద టకటకలాడితే ఏబీఎస్ పనిచేస్తోందని అర్థం, అప్పుడూ కాలు తీయకూడదు.

హ్యాండ్‌బ్రేకు మామూలుగా తీగతో పనిచేస్తుంది కాబట్టి ఆయిల్ లేకపోయినా పట్టుకుంటుంది. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగిసి బండి గిర్రున తిరిగిపోవచ్చు. బొత్తాం నొక్కి ఉంచి కొద్దికొద్దిగా లాగాలి. అయితే అది పట్టేది ఎక్కువ కార్లలో ఆ వెనక లైనర్లనే. అవి ఆయిల్‌లో నానిపోయి ఉంటే తీగ ఎంత లాగినా లాభం తక్కువ. అలాంటి లైనర్లను పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. చూడటానికి ఆరినట్టే ఉంటాయి, వేడెక్కగానే లోపలి జిడ్డు మళ్లీ పైకి ఊరుతుంది. కొత్త సెట్టు వేయించాలి, రెండు వెనక చక్రాలకీ ఒకేసారి.