చెక్కు చేతికి వచ్చింది, సొమ్ము ఎప్పుడు వస్తుంది?

దాళ్వా కోతలు ముగిసిన వారాల్లో అత్తిలి బ్యాంకు శాఖలకు వెళితే కౌంటరు ముందు తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది: “చెక్కు వేసి మూడు రోజులైందండీ, ఇంకా పడలేదా?” ధాన్యాన్ని ప్రభుత్వానికి అమ్మినవారికి సొమ్ము నేరుగా ఖాతాలో జమవుతుంది. వ్యాపారికి అమ్ముకున్నవారికి, కొల్లేటి వైపు చేపల చెరువుల మీద లెక్క తేల్చుకున్నవారికి, ఇల్లు కట్టి బిల్లు రావలసిన మేస్త్రీకి ఇప్పటికీ చెక్కు వస్తూనే ఉంది. ఆ చిన్న కాగితం మీద కౌలు రైతు కట్టవలసిన మక్తా, కోత యంత్రం అద్దె, ఆసుపత్రిలో కట్టవలసిన అడ్వాన్సు, కూతురి నికాహ్ ఖర్చు ఆధారపడి ఉంటాయి. ఒకరి హక్కు మరొకరి దగ్గర ఎన్నాళ్ళు ఆగవచ్చు అన్న ప్రశ్న ఇందులో ఉన్నది గనుక ధార్మిక పత్రికలో దీనిని చర్చించడం అనుచితం కాదు.

పెద్దవారికి పాత రోజులు గుర్తుండే ఉంటాయి. హైదరాబాదు బ్యాంకు మీద వ్రాసిన చెక్కును ఇక్కడ వేస్తే, ఆ కాగితమే తపాలాలో అంత దూరం వెళ్ళి, అక్కడి శాఖలో సంతకం సరిచూసుకున్న తర్వాత కబురు తిరిగి రావాలి. అంతవరకు ఎదురుచూపే. ఈ జాప్యంపై జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 ఆగస్టులో గడువులు విధించింది. బయటి ఊళ్ళ చెక్కులకు రాష్ట్ర రాజధానుల మధ్య 7 రోజులు, పెద్ద నగరాలకు 10 రోజులు, మిగిలిన ఊళ్ళకు 14 రోజులు. అంటే అత్తిలి వంటి ఊరికి న్యాయస్థానం వంటి సంస్థ దయతలచి ఇచ్చిన గడువే రెండు వారాలు!

అదే సంవత్సరం ఫిబ్రవరిలో ఢిల్లీలో మొదలైన మరో ఏర్పాటు ఈ తపాలా ప్రయాణాన్ని క్రమంగా రద్దు చేసింది. దానిని చెక్కు ట్రంకేషన్ విధానం అంటారు. చెక్కు వేసిన బ్యాంకులోనే కాగితం ఆగిపోతుంది. దాని ముందు వెనుకల చిత్రాలు, అడుగున ఉన్న అయస్కాంత సిరా అంకెలు మాత్రమే ముందుకు వెళతాయి. 2011 సెప్టెంబరులో ఇది చెన్నైకి వచ్చింది. తర్వాత ఆ కేంద్రం పరిధిలోకి దక్షిణాది రాష్ట్రాలన్నీ చేరాయి. కాబట్టి అత్తిలిలో వేసిన బెంగుళూరు చెక్కు కూడా స్థానిక చెక్కుతో సమానమైంది. అయినా చిత్రాలను రోజుకు ఒక కట్టగా పంపి, మరునాడు బదులు తీసుకునే పద్ధతి వల్ల ఒకటి రెండు పనిదినాలు పట్టేది.

రిజర్వు బ్యాంకు ఆ కట్టలు కట్టే పద్ధతిని 2025 అక్టోబరు 4 నుండి ఆపించింది. చెక్కు అందిన వెంటనే చిత్రం వెళ్ళాలి. చెల్లించవలసిన బ్యాంకు అదే రోజు సాయంత్రం 7 గంటలలోగా ఔననో కాదనో చెప్పాలి. ఏమీ చెప్పకపోతే ఔనన్నట్టే లెక్క. బ్యాంకుల మధ్య లెక్క ముగిసిన గంటలోపు మన ఖాతాలో సొమ్ము వాడుకోవడానికి వీలుగా ఉండాలి. మొదటి వారాల్లో సాంకేతిక చిక్కులు వచ్చి దేశమంతటా ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. పాత పద్ధతే నయమని విసుక్కున్నవారూ ఉన్నారు. మూడు గంటల్లోనే బదులు చెప్పాలన్న రెండో దశ 2026 జనవరి 3న మొదలు కావలసింది. దానిని వాయిదా వేశారు. చెక్కుల చిత్రాలు పంపే సమయాన్ని మాత్రం ఉదయం 9 నుండి మధ్యాహ్నం 3 గంటల వరకుగా మార్చారు.

ఈ మూడు గంటల హద్దును మన ఇళ్ళలో గుర్తుంచుకోవాలి. జుమా నమాజు ముగించి, భోజనం చేసి, తీరికగా మూడున్నరకు బ్యాంకు చేరినవాని చెక్కు ఆ శుక్రవారం కదలదు. మరునాడు రెండో శనివారమో నాలుగో శనివారమో అయితే సోమవారం దాకా కదలదు. శాఖలో చెక్కులు తీసుకునే వేళ ఇంకా ముందే ముగియవచ్చు. గోడ మీద బోర్డు ఉంటుంది, చూసుకోవాలి. పెట్టెలో వేసి వచ్చేవారు దాన్ని ఎప్పుడు తెరుస్తారో కూడా అడగాలి. పెట్టె ఉన్నంత మాత్రాన కౌంటరులో చెక్కు తీసుకుని రసీదు ఇవ్వడానికి బ్యాంకు నిరాకరించకూడదు. రుణ వ్యవహారాన్ని వ్రాసి పెట్టుకొమ్మని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలోని అతి దీర్ఘమైన ఆయతులో ఆదేశం పొందిన సముదాయం మనది. పదివేల చెక్కును పెట్టెలో పడేసి రసీదు లేకుండా ఇంటికి రావడం మనకు తగదు.

చెక్కు వాపసు రావడానికి ఖాతాలో సొమ్ము లేకపోవడం ఒక్కటే కారణం కాదు. తేదీని సరిచేయడం తప్ప చెక్కు మీద ఏ దిద్దుబాటూ చెల్లదు. పేరు కొట్టివేసి పైన మళ్ళీ వ్రాస్తే వాపసే. తేదీ నుండి మూడు నెలలు దాటితే కాలం చెల్లినట్టు. 2012 ఏప్రిల్‌కు ముందు ఆరు నెలలు ఉండేది, చాలామంది ఇంకా అదే లెక్కలో ఉన్నారు. పెద్ద మొత్తాల విషయంలో, చెక్కు ఇచ్చినవారు దాని వివరాలను ముందుగా తమ బ్యాంకుకు తెలియజేసే పద్ధతి 2021 జనవరి నుండి ఉంది. 5 లక్షలు, ఆపై మొత్తాలకు బ్యాంకులు దీనిని తప్పనిసరి చేయవచ్చు. పొలం అమ్మినప్పుడు చెక్కు తీసుకుంటే “మీ బ్యాంకుకు తెలియజేశారా?” అని అడగడం అమర్యాద కాదు. మన జిల్లాలో మరొక సంగతి ఉంది. బందరులో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరి మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. బీరువాలో పాత చెక్కు పుస్తకం ఉన్నవారు అందులోంచి ఆకు చింపి ఇచ్చే ముందు శాఖలో కనుక్కోవడం మంచిది.

ఇక ధర్మశాస్త్రం మాట. చెక్కు అనే మాటకు అరబీలోని ‘సక్’ మూలమని కొందరు పండితుల అభిప్రాయం. అది నిజమైనా కాకపోయినా సక్ అనే చెల్లింపు పత్రం ముస్లిం సమాజానికి తొలి తరంలోనే తెలుసు. మర్వాన్ మదీనా పాలకుడుగా ఉన్న కాలంలో, అల్‌జార్ రేవులోని ధాన్యం కోసం ప్రజలకు ఇటువంటి పత్రాలు ఇచ్చారు. కొందరు ధాన్యం చేతికి రాకముందే ఆ పత్రాలను ఒకరికొకరు అమ్ముకోసాగారు. ప్రవక్త (స) సహచరులు వెళ్ళి అభ్యంతరం చెప్పారు. ధాన్యాన్ని స్వాధీనం చేసుకోకముందు అమ్మడాన్ని ప్రవక్త (స) నిషేధించారని హజ్రత్ అబూ హురైరా (రజి) గుర్తుచేశారు. మర్వాన్ భటులను పంపి ప్రజల చేతుల్లోంచి ఆ పత్రాలను వెనక్కి తీయించాడు. సహీహ్ ముస్లింలోనూ ఇమామ్ మాలిక్ గారి మువత్తాలోనూ ఈ ఉదంతం ఉంది.

కాగితం వేరు, స్వాధీనం వేరు అన్న ఈ వివేకం బక్రీద్ ముందు పొట్టేళ్ళు అమ్మే మన సోదరులకు ఎంతో అవసరం. చెక్కు వేసిన రసీదును ఫోనులో ఫోటోగా చూపి పొట్టేలును తోలుకుపోయేవారున్నారు. ఆ రసీదు చెక్కు వేసినట్టే చెబుతుంది, చెల్లినట్టు చెప్పదు. పెళ్ళికి బంగారం చెక్కు మీద కొనవచ్చా అని తరచూ అడుగుతుంటారు. కరెన్సీకి, బంగారానికి మారకం చేతికి చేయిగా జరగాలన్నది మూలసూత్రం. జిద్దాలో 1990లో సమావేశమైన ఇస్లామీ ధర్మశాస్త్ర అకాడమీ, ఖాతాలో సొమ్ము ఉండి బ్యాంకు దానిని ఆ చెక్కు కోసం ప్రత్యేకించి ఉంచితే, చెక్కు అందడాన్ని స్వాధీనంగా భావించవచ్చన్నది. ఉత్త చెక్కుకు ఆ హోదా లేదని ఆ షరతులోనే ఉంది.

బ్యాంకుల జాప్యం గంటల్లోకి వచ్చింది. మనుషుల జాప్యం మాత్రం రాలేదు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుండీ, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుండీ పగలూ రాత్రీ సెలవు లేకుండా పనిచేస్తున్నాయి. అయినా కొందరు వ్యాపారులు నలభై రోజుల తర్వాతి తేదీ వేసి చెక్కు ఇస్తారు. పేద రైతు దానిని మడిచి జేబులో పెట్టుకుంటాడు. తర్వాత “ఈ వారం వేయవద్దు” అని ఫోను వస్తుంది. ముందే ఒప్పుకున్న గడువైతే ఆక్షేపణ లేదు. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వ్యవధి ఇవ్వమని ఖుర్ఆన్ ఆదేశిస్తున్నది కూడా. కాని ఇవ్వగల స్థితిలో ఉండి వాయిదా వేయడాన్ని ప్రవక్త (స) స్పష్టంగా దౌర్జన్యమన్నారు. ఖాతాలో సొమ్ము లేదని తెలిసి చెక్కు వ్రాయడం దానికి అబద్ధాన్ని కూడా జోడిస్తుంది. అయిదు పూటలా మొదటి వరుసలో నిలిచే వ్యాపారి ఇలా చేస్తే అతని నమాజును చూసి నమ్మిన రైతు గతి ఏమిటి?

లౌకిక చట్టం దీనిని నేరంగానే చూస్తుంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను ప్రకారం, సొమ్ము చాలక చెక్కు వాపసైందని బ్యాంకు తెలిపిన 30 రోజులలోగా వ్రాతపూర్వకమైన నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో చెల్లించకపోతే, ఆ తర్వాత ఒక నెలలోగా ఫిర్యాదు వేయాలి. 2015 సవరణ వచ్చాక, మన ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలోని కోర్టులోనే వేసుకోవచ్చు. శిక్ష రెండేళ్ళ జైలు వరకు, జరిమానా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు ఉండవచ్చు. మొహమాటంతో నెలన్నర ఊరుకున్నవారికి ఈ దారి కష్టమవుతుంది. సంతకం పెట్టిన ఖాళీ చెక్కును హామీగా ఇచ్చే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కును అవతలివారు నింపినా, అప్పు లేదని నిరూపించే భారం సంతకం చేసినవారిదేనని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. భర్త చెప్పాడని సంతకం పెట్టే స్త్రీలు ఈ మాటను తప్పక గమనించాలి.

జాప్యం బ్యాంకుదే అయితే మొదట శాఖలో వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు దాచుకోవాలి. 30 రోజుల్లో బదులు రాకపోయినా, వచ్చిన బదులు సంతృప్తికరంగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చు. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. 14448 నంబరుకు ఫోను చేసి సలహా తీసుకోవచ్చు. జాప్యానికి బ్యాంకు వడ్డీ రూపంలో కొంత జమ చేస్తే, దానిని ఏం చేయాలో మీకు నమ్మకమైన ముఫ్తీ గారిని అడగండి. రావలసిన అసలు సొమ్మును మాత్రం ఆలస్యం చేయకుండా అడిగి తీసుకోండి.