రెక్క నొప్పికి ప్రశ్నల కాగితం దేనికి?

మన వైపు "చెయ్యి నొప్పండీ" అన్నవాళ్లు ఎక్కడో నోటితో చెప్పరు, రెండో చేత్తో చూపిస్తారు. భుజం నుంచి వేలి కొస దాకా తెలుగులో అంతా చెయ్యే మరి. నర్సీపట్నం చుట్టూ చెరకు కొట్టేవాళ్లకైనా, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాళ్లకైనా అదే కూడు పెట్టేది. అది పట్టేసినప్పుడు ఫిజియోథెరపిస్టు చేతికిచ్చే ప్రశ్నల కాగితం మీద అపోహలు చాలా ఉన్నాయి.

అపోహ: ఎమ్మారై ఉండగా ఈ ప్రశ్నలెందుకు?

భుజంలో స్నాయువు చిరిగిందో లేదో స్కాన్ చూపిస్తుంది. జడ వేసుకోగలరో లేదో చూపించదు. అరవై దాటినవాళ్లలో స్నాయువు చిరిగినా ఏ బాధా తెలియనివాళ్లు బోలెడుమంది. అటక మీది డబ్బా అందుతోందా అన్నది రోగే చెప్పాలి.

అపోహ: మార్కులు ఎక్కువ వస్తే చెయ్యి బాగున్నట్టు.

టొరంటోలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ వర్క్ అండ్ హెల్త్, అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆర్థోపెడిక్ సర్జన్స్ కలిసి 1996లో తెచ్చిన 'డాష్' అనే ప్రశ్నల కాగితంలో 30 ప్రశ్నలు. 0 అంటే ఇబ్బందే లేదు, 100 అంటే పూర్తిగా కష్టం. భుజానికి వాడే 1987 నాటి కాన్‌స్టంట్ స్కోరులో లెక్క తిరగబడుతుంది, అక్కడ 100 వస్తే భేష్.

అపోహ: నొప్పి ఉన్న చేతి గురించే అడుగుతున్నారు.

డాష్‌కి ఏ చేత్తో చేశారన్నది అక్కర్లేదు, పని అయిందా లేదా అన్నదే కావాలి. మూడు ప్రశ్నలకు మించి ఖాళీ వదిలితే మాత్రం స్కోరు కట్టరు. దాంపత్యం గురించిన ప్రశ్న దగ్గర కలం ఆగిపోయేది మనవాళ్లకే కాదు, చాలా దేశాల్లో అంతే.

అపోహ: ఇంగ్లిష్ వచ్చినవాళ్లు తెలుగులో రాసిస్తే సరిపోతుంది.

అసలు చిక్కంతా ఇక్కడే. గోల్ఫ్ ఆడగలరా, స్వెటర్ తల మీంచి వేసుకోగలరా అని అడిగితే చెరకు కొట్టే మనిషి ఏం చెప్పాలి? కత్తి ఎత్తగలరా, రవిక వేసుకోగలరా అని అడిగితే జవాబు వస్తుంది. అలాగని ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చడానికీ లేదు. ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. రెండూ కలిపి ఒకటి చేస్తారు. మూలం చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి తెస్తారు. నిపుణులు అన్నీ పక్కపక్కన పెట్టి తేడాలు తేలుస్తారు. ఆ తర్వాత 30-40 మందిని కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్న వాళ్లకు ఎలా అర్థమైందో అడుగుతారు. "చెయ్యి" అంటే ఒకరికి అరచేయి, మరొకరికి రెక్క మొత్తం అయితే ఆ ప్రశ్న మళ్లీ రాయాల్సిందే.

అపోహ: ఎన్నిసార్లు నింపినా ఒకే మార్కు వస్తోందంటే కాగితం సరైనదే.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక కాటా ప్రతిసారీ కిలో తక్కువే చూపిస్తుందనుకోండి. మాట తప్పని కాటాయే, కానీ తూకం తప్పు. కాటాను సరిచూడ్డానికి ముద్ర వేసిన తూకం రాయి ఉంటుంది. చేతి బాధకు అలాంటి రాయి లేదు. అందుకే పరిశోధకులు అంచనాలు ముందే రాసి పెట్టుకుంటారు: పని మానేసినవాళ్ల డాష్ స్కోరు పనికి వెళ్తున్నవాళ్ల కన్నా ఎక్కువ ఉండాలి, నొప్పి స్కోరుతో పాటు పెరగాలి తరగాలి. లెక్కలు అంచనాకు అందకపోతే అనుమానించాల్సింది ముందు కాగితాన్నే. నాకైతే ఈ మెలిక చాలా నచ్చుతుంది.

ఇంకొకటి. డాష్ స్కోరు 62 నుంచి 58కి దిగిందని సంబరపడిపోకండి. సుమారు 10 పాయింట్లయినా తగ్గితే గానీ ఆ తేడా రోగికి తెలిసొచ్చేంత మేలుగా లెక్కించరు.