మేం రాసిన తీర్మానం ఎక్కడికి పోతుంది?

ఆ మధ్య విజయవాడలో ఒక కళాశాల విద్యార్థులు ఐక్యరాజ్యసమితి భద్రతామండలి నమూనా సమావేశం పెట్టుకుని, న్యాయనిర్ణేతగా నన్ను పిలిచారు. రెండు రోజుల పాటు మెడలో టై, బల్లమీద దేశం పేరు రాసిన అట్టముక్క, చేతిలో కాగితాల కట్ట. వాళ్ల వాదనలు మన టీవీ చర్చల కన్నా ఎంతో మెరుగ్గా ఉన్నాయి. చివరకు శరణార్థుల సమస్యపై తీర్మానం నెగ్గింది. చప్పట్లు, ఫొటోలు అయ్యాయి. అందరూ భోజనాలకు లేస్తుంటే బంగ్లాదేశ్ అట్టముక్క వెనక కూర్చున్న అమ్మాయి నా దగ్గరకొచ్చి అడిగింది: ‘‘సార్, మేం రాసిన తీర్మానం ఇప్పుడు ఎక్కడికి పోతుంది?’’

‘‘ప్రిన్సిపాల్ గారి బీరువాలోకి’’ అని నవ్వేశాను. ఆ అమ్మాయి నవ్వలేదు. ఇంటికొచ్చే దారిలో కానీ నాకు తట్టలేదు, తను అడిగింది ఆ నాలుగు కాగితాల గురించే కాదని. యుద్ధం, శాంతి, సరిహద్దు, సైన్యం... వీటిపై యువత ఏమైనా చెప్పదలచుకుంటే ఆ మాట చేరాల్సిన చిరునామా ఏది? ఇన్నేళ్లుగా రక్షణ వ్యవహారాలు రాస్తున్న నేను కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు.

కాగితం మీదైతే జవాబుంది. 2015 ఏప్రిల్‌లో జోర్డాన్ యువరాజు హుస్సేన్ ఇరవై ఏళ్ల వయసులో భద్రతామండలి సమావేశానికి అధ్యక్షత వహించారు. అంత చిన్న వయసులో ఆ కుర్చీలో అంతకుముందు ఎవరూ కూర్చోలేదు. అదే ఏడాది డిసెంబరు 9న జోర్డాన్ చొరవతో 2250వ తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. 18 నుంచి 29 ఏళ్ల వారిని యువతగా పరిగణించి, శాంతి చర్చల్లోనూ ఘర్షణల నివారణలోనూ వారికి చోటివ్వాలని దేశాలను కోరింది. అప్పటిదాకా ఈ వయసువారిని ప్రపంచం యుద్ధబాధితులుగానో, ఉగ్రవాదం వైపు జారిపోయే ప్రమాదమున్నవారుగానో చూసేది. వారూ నిర్ణయాల్లో భాగస్వాములేనని భద్రతామండలి ప్రత్యేక తీర్మానం ద్వారా గుర్తించడం అదే మొదలు. 2018లో, 2020లో మరో రెండు తీర్మానాలు వచ్చాయి. 2021లో ఫిన్లాండ్ దీని అమలుకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆసియాలో ఫిలిప్పీన్స్ ఆ దారి పట్టింది. ప్రపంచంలోకెల్లా అత్యధిక యువ జనాభా ఉన్న మన దేశం అలాంటి ప్రణాళిక తేలేదు.

తేకపోతే కొంప మునిగిందేముంది అనుకోవచ్చు. మన చుట్టుపక్కల మూడేళ్లలో ఏం జరిగిందో ఒకసారి చూడండి.

శ్రీలంక 2014 మే నెలలో కొలంబోలో ప్రపంచ యువజన సదస్సును ఘనంగా నిర్వహించింది. ఏటా జులై 15ను ప్రపంచ యువ నైపుణ్య దినంగా ఐరాస ప్రకటించిందీ ఆ దేశం చొరవతోనే. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆర్థిక సంక్షోభంలో రోడ్డెక్కిన జనం, ముందువరసలో యువతతో, అధ్యక్ష భవనంలోకి చొచ్చుకెళ్లారు. పారిపోయిన అధ్యక్షుడు గొటబాయ రాజపక్స రాజీనామాను స్పీకర్ ప్రకటించింది 2022లో సరిగ్గా జులై 15న! సదస్సులు పెట్టినంత మాత్రాన యువత మాట విన్నట్లు కాదనడానికి ఇంతకన్నా ఉదాహరణ దొరకదు.

బంగ్లాదేశ్‌లో 2024లో ప్రభుత్వోద్యోగాల కోటాపై విద్యార్థుల ఆందోళన మొదలైంది. తూటాలతో జవాబు చెప్పేసరికి అది ప్రభుత్వ వ్యతిరేక ఉద్యమమైంది. మృతుల సంఖ్య 1,400 దాకా ఉండొచ్చని ఐరాస మానవ హక్కుల కార్యాలయం అంచనా వేసింది. ఆగస్టు 5న షేక్ హసీనా మన దేశానికి వచ్చేశారు. మూడు రోజులకే ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వంలో ముప్పై ఏళ్లు నిండని ఇద్దరు విద్యార్థి నాయకులు నహీద్ ఇస్లాం, ఆసిఫ్ మహమూద్ మంత్రి స్థాయి సలహాదారులయ్యారు. నేపాల్‌లో 2025 సెప్టెంబరులో 26 సామాజిక మాధ్యమ వేదికలపై నిషేధం నిప్పు రాజేసింది. అవినీతిపై అప్పటికే రగులుతున్న కోపం దానికి తోడైంది. 8న ఒక్కరోజే 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని ఓలీ రాజీనామా చేశారు. తాత్కాలిక ప్రధానిగా ఎవరుండాలో వేలాది కుర్రకారు డిస్కార్డ్ అనే ఆన్‌లైన్ వేదికపై చర్చించుకుని మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ పేరు ముందుకు తెచ్చారు. 12న ఆమె ప్రమాణం చేశారు.

బంగ్లాదేశ్‌తో మనకు 4,096 కిలోమీటర్ల సరిహద్దు. నేపాల్‌తో 1,751 కిలోమీటర్లు, అదీ వీసా అక్కర్లేని సరిహద్దు. అక్కడ ప్రభుత్వం కూలితే ఇక్కడ బీఎస్ఎఫ్, ఎస్ఎస్‌బీ అప్రమత్తం కావాలి. కాబట్టి ఢాకా విశ్వవిద్యాలయ హాస్టల్లో ఏం మాట్లాడుకుంటున్నారన్నది భారత భద్రతకు సంబంధించిన సమాచారమే. మనం మాత్రం రాజధానుల్లో అధికారంలో ఉన్నవారితో, రేపోమాపో రాబోయేవారితో మాట్లాడటమే దౌత్యం అనుకున్నాం. హాస్టల్ గదుల్లోని తరంతో మనకు పరిచయం లేకపోయింది. ఆ తరం కుర్చీ ఎక్కేసరికి వారిలో చాలామందికి భారత్ అంటే ఒక పార్టీని వెనకేసుకొచ్చిన పెద్దన్న మాత్రమే.

పొరుగువారి సంగతి చెప్పి మన పెరడు వదిలేయడం న్యాయం కాదు. 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ ప్రకటించింది. నాలుగేళ్ల కొలువు, ఆ తర్వాత నాలుగో వంతు మందికే కొనసాగింపు, గరిష్ఠ వయసు 21. అప్పటికి కొవిడ్ కారణంగా రెండేళ్లుగా సైనిక నియామకాల్లేవు. తెల్లవారుజామునే లేచి కాలేజీ గ్రౌండ్లలో పరుగులు తీస్తూ ఎదురుచూసిన కుర్రాళ్లు ఆ రెండేళ్లలో వయసు దాటిపోయారు. 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతపు యువకుడొకరు ప్రాణం కోల్పోయారు. రైళ్లకు నిప్పు పెట్టడాన్ని ఎవరూ సమర్థించలేరు. అయితే దేశంలో ఆందోళనలు మొదలైన ఒకటి రెండు రోజులకే ప్రభుత్వం ఆ ఏడాదికి వయసు పరిమితిని 23కు పెంచింది. అంటే అడిగింది సబబైనదేనన్నమాట. పరుగు తీసే గ్రౌండ్‌కు వెళ్లి ఏ కుర్రాణ్ని అడిగినా మొదటగా చెప్పే మాట అదే. ముందే అడిగి ఉంటే?

ఇక్కడే నాకు ఆ నమూనా సమావేశంలోని టైలు గుర్తొస్తాయి. ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడి, ప్రవేశ రుసుము కట్టగలిగే పిల్లలు ఒక హాల్లో ఉత్తుత్తి తీర్మానాలు రాస్తారు. నిజమైన నిర్ణయం ఎవరి జీవితం మీద పడుతుందో ఆ పిల్లలు గ్రౌండ్‌లో ఉంటారు. ఈ ఇద్దరికీ పరిచయం లేదు. వీరిద్దరికీ, నిర్ణయం తీసుకునే గదికీ మధ్య దారి లేదు. భారత్ జీ20 అధ్యక్షతలో 2023 ఆగస్టున వారణాసిలో వై20 యువజన సదస్సు జరిగింది. శాంతి స్థాపన, ప్రజాస్వామ్యంలో యువత పాత్ర కూడా అక్కడి చర్చాంశాలే. ప్రకటన వెలువడింది. ఆ ప్రకటనలోని ఏ వాక్యం ఏ శాఖ నిర్ణయాన్ని ఎలా మార్చిందో సామాన్యుడికి చెప్పే ఏర్పాటు మాత్రం కనబడదు.

యువత రాసిన కాగితం బీరువా దాటి వెళ్లిన సందర్భం లేకపోలేదు. 2019లో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయానికి చెందిన 27 మంది న్యాయశాస్త్ర విద్యార్థులకు వనువాటులోని తరగతి గదిలో ఓ ఆలోచన వచ్చింది. సముద్రం తమ దీవుల్ని మింగేస్తుంటే, వాతావరణ మార్పుపై దేశాల చట్టబద్ధ బాధ్యతేమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్ని ఎందుకు అడగకూడదని. పసిఫిక్ దేశాధినేతలకు లేఖలు రాశారు. వనువాటు ప్రభుత్వం ఆ ఆలోచనను తన విదేశాంగ విధానంగా చేసుకుంది. 2023 మార్చి 29న ఐరాస సర్వప్రతినిధి సభ ఏకాభిప్రాయంతో ఆ ప్రశ్నను కోర్టుకు పంపింది. 2024 డిసెంబరులో ది హేగ్‌లో 96 దేశాలు వాదనలు వినిపించాయి, మన దేశమూ అందులో ఉంది. 2025 జులై 23న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అభిప్రాయం చెప్పారు: వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యతేనని.

ఆ 27 మందికి వేదిక, ఫొటో ఇచ్చి పంపేయలేదు. ఒక ప్రభుత్వం వాళ్ల కాగితం చేతిలోకి తీసుకుని, అధికారిక ముద్ర వేసి, ఆరేళ్లపాటు మోసింది. తేడా అంతా అక్కడే ఉంది.

రక్షణ, విదేశాంగ వ్యవహారాల్లో రహస్యాలుంటాయని, అనుభవం కావాలని, యువజన సంఘాల వెనుక పార్టీలుంటాయని అభ్యంతరాలున్నాయి. మూడూ కొట్టిపారేయలేనివే. క్షిపణి ఎక్కడ మోహరించాలో విద్యార్థుల్ని అడగమని ఎవరూ అనడం లేదు. వీధి ఉద్యమాలన్నీ మంచికే దారితీస్తాయన్న భ్రమా అక్కర్లేదు. కాఠ్‌మాండూలో పార్లమెంటు భవనమే కాలిపోయింది. అయితే రహస్యం కానివి, యువత బతుకుతో నేరుగా ముడిపడినవి బోలెడున్నాయి. నియామక విధానం, విదేశాల్లో చదివే పిల్లల రక్షణ, వలస ఒప్పందాలు అలాంటివే. 2022లో ఉక్రెయిన్ నుంచి ‘ఆపరేషన్ గంగ’లో తిరిగొచ్చిన వేలమందిలో మన తెలుగు వైద్య విద్యార్థులెందరో. బంకర్లలో రాత్రులు గడిపినవారికి మన రాయబార కార్యాలయాలు సంక్షోభంలో ఎలా పనిచేయాలో చెప్పే అర్హత లేదా?

చేయగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. సర్వప్రతినిధి సభకు వెళ్లే తమ అధికారిక బృందంలో యువ ప్రతినిధుల్ని చేర్చుకునే పద్ధతి ఎన్నో దేశాల్లో ఉంది. మనమూ చేర్చుకోవచ్చు. ఎంపిక తెలుగుతో సహా అన్ని భారతీయ భాషల్లో జరగాలి. వెళ్లొచ్చినవారు ఏం చేశారో జనానికి నివేదించాలి. ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలన్న విధానం 2014 నుంచే ఉంది. అగ్నిపథ్ వంటి పథకాలు చట్టాలు కావు కాబట్టి దాని పరిధిలోకి రావు. అలాంటివాటిపై రక్షణ, విదేశాంగ పార్లమెంటరీ స్థాయీ సంఘాలు ముందే యువత వాదన వినాలి.

ఇక పొరుగు దేశాల యువత సంగతి. నేపాల్ తాత్కాలిక ప్రధాని అయిన సుశీలా కార్కీ డెబ్బయ్యో దశకంలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఒక హాస్టల్ సీటు అర్ధశతాబ్ది తర్వాత ఎంత దౌత్య పెట్టుబడిగా మారిందో చూడండి. సార్క్ శిఖరాగ్ర సభ 2014 తర్వాత జరగకపోయినా ఆ కూటమి స్థాపించిన దక్షిణాసియా విశ్వవిద్యాలయం ఢిల్లీలో నడుస్తూనే ఉంది. ప్రభుత్వాల మధ్య మాటలు ఆగినప్పుడు కూడా విద్యార్థి వీసా, ఉపకార వేతనం ఆగకూడదు. రేపటి ప్రధాని ఆ దరఖాస్తుల్లోనే ఉండొచ్చు.

తొందరపడాల్సిన కారణం మరొకటుంది. కేంద్ర గణాంక శాఖ నివేదిక ప్రకారం 2021లో మన జనాభాలో 15–29 ఏళ్లవారు 27.2 శాతం. 2036 నాటికి 22.7 శాతానికి తగ్గుతారు. దేశం యవ్వనంలో ఉండగానే ఆ యవ్వనం మాట వినాలి.

కిందటి వారం ఆ కళాశాల అధ్యాపకుడికి ఫోన్ చేశాను. తీర్మానం నిజంగానే బీరువాలో ఉందట. ఒక ప్రతి తెప్పించుకుని చదివాను. భాషలో తడబాట్లున్నా, శరణార్థి శిబిరాల్లో పిల్లలు చదివిన చదువును ఇరుగుపొరుగు దేశాలు గుర్తించాలన్న పేరా దగ్గర ఆగిపోయాను. కాక్స్‌బజార్ శిబిరాల్లో పెరుగుతున్న రోహింగ్యా పిల్లలు చదువు లేక పదేళ్ల తర్వాత ఎవరి చేతికి చిక్కుతారన్నది భద్రతా నిపుణులు తలలు పట్టుకునే ప్రశ్న. దాన్ని ఆ అమ్మాయి మూడు వాక్యాల్లో పట్టుకుంది.

ఆ పేరాకు తెలుగు అనువాదం జతచేసి, నాకు తెలిసిన ఒక ఎంపీకి పంపాను. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా అడుగుతాను. ఈసారి ఆ అమ్మాయి అడిగితే నవ్వి ఊరుకోకుండా, ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పాలి కదా.