తీసిన బిళ్ళ తిరిగి పట్టదు

“అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల” అని పెద్దలు హెచ్చరింతురు. హెచ్చరిక మంచిదే. కాని త్రొక్కిన పిదప కాలు కడుగుకొను విధమును గూడ ఎవరో ఒకరు చెప్పవలసి యున్నది. కొయ్యపని చేయువానికి ఈ రెండవ విద్య మరింత అవసరము. పలకమీద తప్పిన అక్షరమును తుడిచి దిద్దవచ్చును. రంపము కోసిన కోతను తుడుచుట యెవరి తరమును గాదు.

జపానులో 1978లో ‘స్పేస్ ఇన్వేడర్స్’, 1980లో ‘ప్యాక్‌మ్యాన్’ అను ఆటలు వెలువడి దేశదేశముల యువకులను ఆకర్షించినవి. నిలువెత్తు పెట్టె, అందులో నొక తెర, తెరక్రింద వాలుగా నొక ఫలకము, ఫలకముపై జాయ్‌స్టిక్ అను నిలువుపిడి, కొన్ని బటన్లు; నాణెము వేసినవానికి ఆట. ఇట్టి యంత్రములుండు శాలలకు ఆర్కేడ్లని పేరు. కాలక్రమమున అమెరికాలో ఆ శాలలు పెక్కులు మూతబడినవి. 1997లో ఇటలీ దేశస్థుడు నికోలా సాల్మోరియా ‘మేమ్’ అను ప్రోగ్రామును వెలువరించెను. పాత యంత్రము చేయు పనిని ఇంటి కంప్యూటరు అనుకరించుటకు అది దారి చూపినది. ఆట తిరిగి వచ్చినది. కాని టైపుమీటలపై ఆడిన ఆటలో పాత రుచి లేదు. పిడికిటికి పిడి కావలెను, వ్రేళ్ళ క్రింద బటను కావలెను. అందుచే ఉలి పట్టి యెరుగనివారు సైతము ఆ ఫలకమును తామే తయారు చేసికొన మొదలిడిరి. తప్పుకోతలకు మొదలు అచ్చటనే.

ఈ పనికి తరచుగా వాడు చెక్క ఎం.డి.ఎఫ్. కొయ్యనారను జిగురుతో కలిపి, వేడిలో అదిమి చేసిన పలక అది. 19 మిల్లీమీటర్ల మందముగల పలకను పలువురు ఎన్నుకొందురు. కొయ్యచారలు లేనందున ఏ దిక్కున కోసినను కోత ఒక్కతీరుగ సాగును. 1991లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’ వంటి పోరాటపు ఆటకు ఒక్కొక్కరికి ఆరు బటన్లు. ఇరువురి ఫలకమునకు పండ్రెండు. అమెరికా పద్ధతి బటనుకు 28.6 మిల్లీమీటర్ల వ్యాసముగల రంధ్రము వలయును. జపాను బటన్లకు పెద్దవానికి 30, చిన్నవానికి 24. ఒక్క రంధ్రము కొంచెము ప్రక్కకు జరిగినను వరుస వంకరయై కంటికి తగులును. పదునొకండు సరిగా వచ్చి పండ్రెండవది తప్పినపుడు కలుగు నిస్పృహ పనివానికే తెలియును.

ఆ క్షణమున తోచు మొదటి ఉపాయ మొకటి కలదు: రంధ్రమునుండి వెలువడిన బిళ్ళనే జిగురు రాసి మరల అతికించుట. అది పట్టదు. హోల్‌సా అను రంపము బోర్లించిన గిన్నెవలె నుండి, అంచున పళ్ళు కలిగియుండును. ఆ పళ్ళ మందము మేరకు కొయ్య పొట్టుగా రాలిపోవును. రంధ్రము పళ్ళ వెలుపలి కొలత, బిళ్ళ వాని లోపలి కొలత. ఒకే కోతనుండి పుట్టిన రెండును ఒకదానికొకటి సరిపడవు. బిళ్ళ చేతిలోనే యున్నది, పోయినది పొట్టు.

రెండవ ఉపాయము లప్పము. గుంటలో నింపి, ఆరిన పిదప గరుకు కాగితముతో రుద్ది, రంగు వేసినచో తప్పు కానరాదు. కాని కంటికి మాయమైన తప్పు చేతికి మాయము గాదు. ఫలకముమీద అన్ని చోటులును ఒకే బరువు మోయవు. మూలనున్న గీరుడుపై చూపు మాత్రమే పడును. అచ్చట లప్పము చాలును. బటను సంగతి వేరు. పైనుండి వ్రేళ్ళు వేలసార్లు మోదును. క్రిందినుండి నట్టు బిగించి లాగును. జాయ్‌స్టిక్ మరలవద్ద ఆటగాని భుజబల మంతయు పనిచేయును. అట్టిచోట నింపిన లప్పము కొలదికాలములోనే బీటవారును. కావున నియమ మిది: చూపు పడుచోట లప్పము, బలము పడుచోట కొయ్య.

ఆ కొయ్యను అమర్చు విధము క్లిష్టము గాదు. కొంచెము పెద్ద హోల్‌సాను ఎన్నుకొని, దాని బిళ్ళ పాత రంధ్రమునకు సరిగా బిగియునట్లు చూచుకొని, అదే మందముగల వ్యర్థపు ముక్కనుండి కోయవలెను. బిళ్ళ నడుమ బరమా చేసిన చిన్న రంధ్రము మిగులును. దానిని సన్నని కొయ్యచీలతో ముందే బిగింపవలెను. లేనిచో క్రొత్త బరమా ఆ గుంటవైపే జారును. జిగురు రాసి, బిళ్ళను దిగగొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, పిదప క్రొత్త కేంద్రమును గుర్తింపవలెను. క్రొత్త రంధ్రము పాతదానిలో సగము పడునప్పుడు సైతము ఈ శ్రమ తప్పదు. బరమా మొనకు కరచుకొనుటకు కొయ్య లేనిచో అది చలించి మరియొక తప్పు చేయును. అడుగున మరియొక చెక్క బిగించి తొలిచిన, క్రిందియంచు పెచ్చులూడదు. ఈ చెక్క పొట్టు మిక్కిలి సూక్ష్మమైనది, జిగురుతో కూడినది. ముక్కునకు ముసుగు లేక పనికి దిగరాదు.

అన్ని తప్పులకును ఇంత వైద్య మక్కరలేదు. 28.6కు బదులు 30 తొలిచినవాడు కలత చెందనక్కరలేదు. బటను అంచు రంధ్రముకన్న వెడల్పు. అది తప్పును కప్పును, క్రింది నట్టు పట్టి నిలుపును. మరికొన్ని తప్పులకు వైద్యమే లేదు. నిలువుపిడి పైకి చాలినంత రానప్పుడు ఫలకము అడుగున గుంట తొలిచి దానిని పైకి జరుపుదురు. ఆ గుంట మితిమీరి లోతైనచో పైన మిగులు పొర పలుచనగును. దానిపై ఎంత లప్పము పూసినను బలము రాదు. లోహపు రేకు వేసి బరువును పంచవలెను. అదియు వీలుకానిచో ఆ పలకను విడువవలెను. వారముల శ్రమను విడుచుట కష్టమే. కాని ఆడుచుండగా విరుగుటకన్న ముందే విడుచుట మేలు.

విడిచిన పలకయు వ్యర్థము గాదు. దానిని అచ్చుగా క్రొత్త చెక్కపై బిగించి, బేరింగు గల రౌటరు కోతముక్కును దాని యంచువెంట నడపిన, క్రొత్త చెక్క అదే ఆకారము దాల్చును. ఇచ్చట నొక జాగ్రత్త కలదు. బేరింగు అచ్చులోని ఒప్పును ఎంత నమ్మకముగా అనుసరించునో, తప్పును అంతే నమ్మకముగా అనుసరించును. కావున ముందు అచ్చును దిద్దవలెను. ఇది ఉపాధ్యాయులకు వేరుగ చెప్పవలసిన మాట గాదు.

విద్యార్థులకును ఇందు కొంత కలదు. లెక్క తప్పినపుడు తుది జవాబును మాత్రము మార్చి వ్రాసినవాడు లప్పము పూసినవాడు. తప్పిన మెట్టును వెదకి, అచ్చటినుండి మరల చేసినవాడు బిళ్ళ బిగించినవాడు. పుటపై రెండును ఒకేరీతిగ కనబడవచ్చును. తరువాతి లెక్క భారము మోపినపుడు తేడా తెలియును.

పూర్తియైన ఫలకముపై రంగు, బొమ్మ మెరయుచుండును. తప్పిన జాడ ఎవరికిని తెలియదు. తిరుగవేసి చూచినచో పండ్రెండవ బటను ప్రక్కన సన్నని జిగురు వలయ మొకటి కనబడును. చేసినవాడు దానిని దాచడు. ఆటలో అందరికన్న గట్టిగా మోదబడు బటను అదే కావచ్చును, అది కదలదు.